జమీందారు మీద ఇంజంక్షన్

ఆ రోజుల్లో ధర్మపురి మునసబు కోర్టు కాగితం మీద పడ్డ మాట అబద్ధమయ్యే వీలుందని మా పల్లెల్లో ఎవరికీ తోచేది కాదు. నల్ల సిరాతో, ఇంగ్లీషులో, పైన స్టాంపు అంటించి ఉన్న మాట నిజం కాకుండా ఎలా పోతుంది? ఆ మాట రాసేవాడు ఎవరు, రాసేటప్పుడు వాడి నాలుక ఏ రంగులో ఉంది అని ఎవరూ అడగలేదు. అడగలేదు కాబట్టి నేనూ చెప్పలేదు. ఇరవై ఏళ్ళకు పైగా చెప్పలేదు. మా మామ మీద ఇంజంక్షన్ తెచ్చిన ఆ దావాలో ఒక ముఖ్యమైన సంగతి అఫిడవిట్టులోకి ఎక్కలేదు. అది ఆ అఫిడవిట్టు రాసిన గుమాస్తా నోట్లోనే ఉండిపోయింది, ఎర్రగా. ఆ గుమాస్తా నేనే.

అప్పుడు నాకు ఇరవై ఏళ్ళు. యుద్ధం రోజులు. పెట్రోలు దొరక్క బస్సులు వెనకాల బొగ్గు పొయ్యి ఒకటి కట్టుకుని, పొగ కక్కుకుంటూ, దగ్గుకుంటూ తిరిగేవి. మా నాన్న నా చిన్నప్పుడే పోతే, కారిమంగళం దగ్గరి పల్లెలో మా చిన్నాయన, చిన్నమ్మ నన్ను సొంత కొడుకులా పెంచారు. మా వాళ్ళందరూ పశువులు మేపుకుని, మెట్ట సేద్యం చేసుకుని బతికేవాళ్ళు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. తెలుగు రాయడం తెలిసినవాళ్ళు మాలో ఇద్దరో ముగ్గురో. (మా తాత ఇసకలో నా చేత దిద్దించకపోతే ఈ నాలుగు ముక్కలూ మీకు తమిళంలోనే అందేవి.) అలాంటి చోట నేను పదకొండో తరగతి గట్టెక్కి ధర్మపురిలో ఒక వకీలు దగ్గర గుమాస్తాగా చేరేసరికి ఊళ్ళో నా పేరు పోయి "కోర్టోడు" అని మిగిలింది. నేనూ ఆ పేరుకు తగ్గట్టు నడక మార్చాను. చంకలో ఏమీ లేకపోయినా కాగితాల కట్ట ఉన్నట్టు చెయ్యి వంచి నడిచేవాణ్ణి. చిన్నమ్మ పాపం చెయ్యి బెణికిందనుకుని ఒకసారి ఆముదం కాచి తెచ్చింది.

ఇక జమీందారు సంగతి చెప్పాలి. జమీందారంటే మనిషి కాదు, ఎద్దు. అసలైన ఆలంబాడి జాతి. బూడిద రంగు ఒళ్ళు, మెడ దగ్గర నలుపు, వెనక్కి వాలిన కొమ్ములు. నడుస్తుంటే శిస్తు వసూలుకు వచ్చినవాడిలా ఇటూ అటూ చూసుకుంటూ నడిచేది. పనికి మాత్రం వంగేది కాదు. మెడ మీద కాడి పెట్టగానే కాళ్ళు ముడుచుకుని పడుకునేది. దాన్ని దూడగా కొన్నది చిన్నాయన. పెంచడానికి పాలికి ఇచ్చింది చిన్నమ్మ అన్నకు, అంటే మా మామకు. పాలికి ఇవ్వడం అంటే మా వాళ్ళలో ఒక ఏర్పాటు. దూడ ఒకరిది, మేత ఇంకొకరిది. పెరిగి పెద్దదయ్యాక చెరిసగం. అందులో కాగితం ఉండదు, సాక్షి సంతకం ఉండదు. ఒకే ఒక కట్టుబాటు. పశువును అమ్మాలన్నా, మార్చుకోవాలన్నా పాలివాడి ఇంటికి వెళ్ళి, పళ్ళెంలో ఆకు వక్క పెట్టి అడగాలి. ఇంటివాళ్ళు ఆకు తీసుకుంటే ఒప్పుకున్నట్టు. తీసుకోకపోతే పశువు కొట్టం దాటకూడదు. ఆకు పెట్టకుండా పశువును తోలుకుపోయినవాణ్ణి మా వాళ్ళు దొంగ అని కూడా అనరు, అంతకంటె తక్కువగా చూస్తారు.

ఆ వేసవిలో మామ దున్నే ఎద్దుల్లో ఒకటి చచ్చిపోయింది. వాన పడేలోపల జత లేకపోతే ఆ ఏడు చేను బీడే. జమీందారును సంతకు తోలుకుపోయి దున్నే జత ఒకటి మార్చుకుంటే రెండిళ్ళ సేద్యమూ నడుస్తుందని మామ ఆలోచన. ఒక ఆదివారం పొద్దున పళ్ళెంలో ఆకు వక్క పెట్టుకుని, పైన తువ్వాలు కప్పి చిన్నాయన ఇంటికి వచ్చాడు. చిన్నాయన, చిన్నమ్మ మొరప్పూర్‌లో చుట్టాల ఇంటికి వెళ్ళారు. వారానికోసారి ఇంటికి వచ్చే నేను తిన్నె మీద కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాను.

"ఏమి అల్లుడూ, బావ లేడా?"

"లేడు మామా. చీకటి పడేలోపల వస్తారు."

"జమీందారును సంతకు తోలుకుపోదామని ఆకు పెట్టేదానికి వచ్చినాను. సరే, రేపు వస్తాలే." మామ వెనక్కి తిరిగాడు.

ఆ క్షణంలో నేను నోరు మూసుకుని ఉంటే ఈ కథ లేదు. కానీ కోర్టోడు నోరు మూసుకుంటాడా? "నేను ఇంటి మనిషిని కానా మామా? నాతో చెప్పకూడదా?" అన్నాను.

మామ ఆగాడు. నన్ను కాసేపు చూశాడు. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తే. నిన్నమొన్నటిదాకా నా చెవి పట్టుకుని మెలిపెట్టిన మనిషి, తల మీది తుండు తీసి భుజాన వేసుకుని, పళ్ళెం రెండు చేతులతో నా ముందు పెట్టి, "అట్లయితే ఇంటి తరఫున నువ్వే తీసుకో నాయనా. ఇప్పుడు నువ్వూ పెద్దోడివే గదా. బావకు సంగతి చెప్పు" అన్నాడు. నా గుండె కోడిపుంజు మెడలా నిక్కింది. ఆకు తీసుకున్నాను. తీసుకుని పక్కన పెట్టి ఉంటే కొంత నయం. అక్కడికక్కడే ఈనెలు తీసి, మడిచి, బుగ్గన పెట్టాను. అంతటితో ఆగానా? మా వకీలు అనే పద్ధతిలో, "సున్నం కొంచెం తక్కువైంది మామా" అన్నాను. మామ నవ్వుకుంటూ మొలలో ఉన్న సున్నం డబ్బీ తీసి ఇచ్చాడు.

మామ వెళ్ళాక గాని నాకు చిన్నమ్మ గుర్తుకు రాలేదు. పెళ్ళికాని మగపిల్లవాడు ఆకు నమిలితే నాలుక మందమై చదువు పోతుందని ఆమె గట్టి నమ్మకం. ఒకసారి నా చొక్కా మీద ఎర్రమరక చూసి చేటతో కొట్టింది. (అది చింతపండు మరక. అయినా కొట్టింది.) ఇప్పుడు సంత సంగతి చెప్పాలంటే ఆకు సంగతి చెప్పాలి. పశువుల తొట్టి దగ్గర పదిసార్లు పుక్కిలించాను. నాలుక ఇంకా దానిమ్మ గింజలాగే ఉంది. చిన్నాయన వచ్చే వేళకు ఉండటం మంచిది కాదనిపించి, మధ్యాహ్నం బస్సుకే ధర్మపురి చేరుకున్నాను. మామే ఎలాగూ మళ్ళీ కలుస్తాడులే, వాళ్ళూ వాళ్ళూ మాట్లాడుకుంటారులే అని నాకు నేను చెప్పుకున్నాను.

మరునాడు సోమవారం. కోర్టు మొదలయ్యే వేళకు చిన్నాయన మా వకీలు ఇంటి ముందు దిగాడు. తలపాగా ఒక వైపు, కోపం నాలుగు వైపులా.

"రేయ్ అబ్బోడా! నా జమీందారును రేపు సంతకు తోలుకుపోతాడంట మీ మామ! మేకలోడు చెప్తే నాకు తెలిసింది. నన్ను అడిగినాడా? ఒక ఆకు పెట్టినాడా? ఒక వక్క పెట్టినాడా?"

"మామనే ఒక మాట అడిగి చూస్తే..." అని నసిగాను.

"నేను పోయి అడిగేదా? ఆకు పెట్టాల్సింది వాడు, అడగాల్సింది నేనా? పిలువు మీ వకీలును!"

మా వకీలును అందరూ మూడు వేళ్ళ వకీలు అనేవాళ్ళు. వేళ్ళు అయిదూ ఉండేవి. ఏ సంగతి చెప్పినా మూడు వేళ్ళు ఎత్తి చెప్పడం ఆయన అలవాటు. చిన్నాయన చెప్పిందంతా విని ఒక వేలు ఎత్తాడు. "ఇంజంక్షన్ అంటే అడిగినవాడికల్లా ఇచ్చేది కాదు పెద్దాయనా. మొదట నీకు హక్కుందా అని చూస్తారు. సగం నీది, ఉంది." రెండో వేలు లేచింది. "జరగబోయే నష్టం దుడ్డుతో తీరేదా, తీరనిదా? నీ బియ్యం మూట ఎవడన్నా ఎత్తుకుపోతే కోర్టు ఖరీదు ఇప్పిస్తుంది, అంతే. ఇంకో మూట కొనుక్కుంటావు. నీ బావి పూడ్చేస్తానని ఎవడన్నా వస్తే, అప్పుడు ఆపు అంటుంది. నీ ఎద్దు బియ్యం మూట లాంటిదా, బావి లాంటిదా?"

"జమీందారు మూట ఏంది సామీ! అట్లాంటిది ఇంకోటి ఈ సీమలో ఎక్కడుంది?"

"అదే కావాలి." మూడో వేలు. "ఆపితే వాడికి ఎంత కష్టం, ఆపకపోతే నీకెంత కష్టం? సంత ఈ వారం కాకపోతే వచ్చే వారం ఉంది. ఎద్దు మాత్రం కనుమ దాటి మలయాళీ వ్యాపారి చేతిలో పడితే మళ్ళీ దొరకదు. సరిపోయింది." ఇక్కడితో ఆయన ఎప్పుడూ ఆగేవాడు. ఆ రోజు మాత్రం చిటికెన వేలు కూడా ఎత్తాడు. "ఇది అన్నిటికంటె చిన్నది, అన్నిటికంటె గట్టిది. ఆపమని అడిగేవాడు కోర్టు దగ్గర ఏదీ దాచకూడదు. దాచినట్టు తేలితే పై మూడూ ఉన్నా ఆర్డరు ఊడిపోతుంది. మీ బావ నిన్నుగాని, మీ ఇంట్లో ఎవర్నిగాని అడగలేదు గదా?"

"సత్యంగా అడగలేదు!" అన్నాడు చిన్నాయన. ఆయన చెప్పింది ఆయనకు తెలిసినంత వరకు సత్యమే. వకీలు చిన్నాయన మొహమే చూస్తున్నాడు. పక్కన కలం పట్టుకుని నిలబడ్డ గుమాస్తా మొహం ఎవరు చూస్తారు? నా నాలుక నోట్లో చుట్టుకుని పడుకుంది. ఇప్పుడు చెప్తే చిన్నాయన చేతిలో దెబ్బలు, చిన్నమ్మ చేతిలో చేట, ఉద్యోగం ఏమవుతుందో దేవుడికి తెలియాలి. "వాదికి గాని, వాది ఇంటివారికి గాని తెలియకుండా, దొంగచాటుగా" అని వకీలు ఇంగ్లీషులో చెప్తుంటే, గుండ్రటి అక్షరాలతో రాశాను. అంత అందంగా నేను అంతకుముందూ రాయలేదు, ఆ తర్వాతా రాయలేదు.

వకీలుకు ఇంకో విచారణ ఉంది. "దుడ్డుతో దొరకనిదని గట్టిగా రాయి. పోయిన ఏడాది ఆ విగ్రహం కేసు ఉంది గదా, ఆ కట్ట చూసి అదే తీరులో పూర్తి చెయ్యి" అని నల్లకోటు తొడుక్కున్నాడు. ఒక పల్లెలో అన్నదమ్ములు ఇంటి దేవుడి పంచలోహ విగ్రహం కోసం కొట్లాడుకున్న కేసు అది. నేను చూశాను. చూసి, ఉన్నది ఉన్నట్టు దించాను. విగ్రహం అన్న చోట ఎద్దు అని మాత్రం మార్చాను. చివర చిన్నాయన చేత వేలిముద్ర వేయించే ముందు తెలుగులో చదివి వినిపించాలి కదా, వినిపించాను, పరీక్షలో పద్యం అప్పజెప్పినంత వేగంగా. ఆయన "ఊ, ఊ" అంటూ తలాడించాడు. మునసబు గారు ఆ మధ్యాహ్నం రెండే ప్రశ్నలు వేసి, అవతలివాళ్ళకు నోటీసు వెళ్ళేలోపలే తాత్కాలికంగా ఇంజంక్షన్ ఇచ్చారు. సంత మరునాడే కాబట్టి ఆలస్యమైతే ఆర్డరుకు అర్థం ఉండదని వకీలు వేడుకున్నాడు మరి.

మంగళవారం పొద్దున ఆర్డరు పట్టుకుని కోర్టు అమీనా బయలుదేరాడు. మామ ఎవరో చూపించడానికి నన్ను వెంట పంపారు. అమీనా ఎండలోనూ వానలోనూ గొడుగు విప్పని మనిషి. విప్పితే పాతబడుతుందట. మా బొగ్గు బస్సు దారిలో మూడుచోట్ల ఆగింది. ప్రతి మిట్ట దగ్గరా అందరూ దిగి తోశాము. "గవర్నమెంటు మనిషిని, నేను తోయను" అని అమీనా ఒక్కడే లోపల కూర్చున్నాడు. ఆయన బరువును కూడా కలిపి నేనే తోశాను. తోస్తూ, ఈ బస్సు చేరకపోతే ఎంత బాగుండునని మొక్కుకున్నాను. చేరింది.

సంతలో జనం మధ్య జమీందారు నిలబడి తక్కిన పశువులను పరీక్షగా చూస్తున్నాడు. పక్కనే మామ, ఎదురుగా ఒక ముసలి రైతు, వాళ్ళిద్దరి చేతుల మీద ఒక తువ్వాలు. ఆ సంతలో బేరం నోటితో చెయ్యరు. తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని చేస్తారు. రైతు వెనకాల రెండు మంచి దున్నే ఎద్దులు. మామ మొహం వెలుగుతోంది, బేరం కుదిరేటట్టుంది. అమీనా వెళ్ళి, ఏ చెయ్యి ప్రతివాదిదో తెలియక, ఆర్డరును తువ్వాలు మీదే పెట్టేశాడు.

"ఏంది సామీ ఇది?"

"కోర్టు ఆర్డరు. ఈ ఎద్దును అమ్మకూడదు, మార్చకూడదు."

"ఎందుకు? ఆకు పెట్టే గదా తోలుకొచ్చినాను!" మామ తల ఎత్తాడు. అమీనా వెనకాల నన్ను చూశాడు. ఆయన కళ్ళల్లో మొదట ఊరట కనిపించింది, సాక్షి వచ్చాడని. నేను అమీనా గొడుగు పిడిని చూశాను. చాలాసేపు చూశాను. ఆ పిడి మీద చిలక బొమ్మ ఉంది, ముక్కు విరిగింది. నేను కళ్ళు తిప్పేసరికి మామ మొహంలో ఆ ఊరట లేదు. కోపం కూడా లేదు. "సరే, చదువు అల్లుడూ. ఏమేమి రాసినారో చెప్పు" అన్నాడు మెల్లగా.

చదివాను. చదువుతూ చదువుతూ ఒక చోట వేలు ఆపి, అదే ముక్క రెండోసారి చూశాను. అమ్మకూడదు, మార్చకూడదు అన్న తర్వాత, "ప్రస్తుతం ఉన్న చోటి నుంచి కదిలించకూడదు" అని ఉంది. విగ్రహం కేసులోది! దేవుడి గదిలోంచి విగ్రహాన్ని కదిలించకూడదని తెచ్చుకున్న ముక్క. నేను దించాను, వకీలు హడావుడిలో చూడలేదు, అడిగిందంతా కోర్టు ఇచ్చేసింది. జమీందారు ప్రస్తుతం ఉన్న చోటు కారిమంగళం సంత మైదానం.

"అంటే ఇంటికి తోలుకుపోకూడదా?" అన్నాడు మామ.

అమీనా కాగితం తీసుకుని వేలు పెట్టి చూశాడు. "ఉన్న చోటే ఉండాలి. కదిలిస్తే జైలు. నేను ఇచ్చినాను, నా పని అయింది" అని మళ్ళీ గొడుగు చంకన పెట్టి బస్సెక్కాడు.

మామ కోర్టు మాట దాటే మనిషి కాదు. సంత ముగిసింది. ముసలి రైతు తన జతను తోలుకుని ఇంకొకరితో బేరం కుదుర్చుకుని వెళ్ళిపోయాడు. బండ్లు కదిలాయి, గుడారాలు విప్పారు. మైదానంలో జమీందారు, మామ, ఒక గుంజ మిగిలారు. మరునాడు చూస్తే గుంజకు ఇవతల మామ కూర్చుని ఉన్నాడు, అవతల చిన్నాయన. తన ఎద్దు ఎండలో ఉందని తెలిసి వాది గారు కాపలాకు వచ్చాడు. ఇద్దరికీ మాటల్లేవు. చెప్పాల్సిందంతా ఎద్దుతోనే చెప్పుకుంటున్నారు.

"ఏమిరా జమీందారూ, ఆకు పెట్టకుండా నిన్ను అమ్మబోయినోళ్ళకు సిగ్గుందా?"

"రేయ్ జమీందారూ, పెట్టినామని చెప్పు. తీసుకున్నోడికి తెలుసని చెప్పు."

"ఎవడు తీసుకున్నాడో పేరు చెప్పమనరా!"

జమీందారు ఇద్దరికీ సమానంగా తోక ఆడించేవాడు. చిన్నమ్మ పల్లె నుంచి గడ్డిమోపు, రాగిసంకటి మోసుకుని వచ్చి, మధ్యలో నిలబడి, "ఎద్దుకు ఆర్డరు ఉంది, నిలబడుకోనుంది. మీ ఇద్దరికీ ఎవరు ఇచ్చినారు ఇంజంక్షన్, కూచోమని?" అని ఇద్దరి చేతుల్లోనూ సంకటి ముద్దలు పెట్టింది. కారిమంగళంలో సగం మంది పని మానుకుని కోర్టు ఎద్దును చూడటానికి వచ్చారు. ఒక ముసలమ్మ ఏ దేవుడి ఎద్దో అనుకుని పసుపు పూసి దణ్ణం పెట్టి వెళ్ళింది. (విగ్రహం కేసు ముక్కలు అక్కడికీ పాకినట్టున్నాయి.) మూడోరోజు వాన మొదలైంది. చిన్నాయన తన గొంగడి తీసి ఎద్దు మీద కప్పాడు. అది సగానికే వచ్చింది. మామ తన గొంగడి తీసి మిగతా సగం కప్పాడు. ఇద్దరూ తడుస్తూ, చెరోవైపు చూస్తూ కూర్చున్నారు.

ఆ వానలోనే నేను వెళ్ళాను. ఆర్డరు సవరించమని వకీలు వేసిన అర్జీ మరునాడు విచారణకు వస్తుందని చెప్పడానికి. చిన్నాయన టీ తాగడానికి వెళ్ళినప్పుడు మామ పక్కన కూర్చుని, "మామా, నేను..." అన్నాను.

మామ నా వైపు చూడకుండా అన్నాడు. "మన ఇండ్లల్లో కలం పట్టుకుని పనికి పోయినోడు ఇంతవరకు ఎవడూ లేడు అల్లుడూ. నువ్వే మొదలు. పని జాగ్రత్తగా చూసుకో."

అంతే అన్నాడు.

మరునాడు కోర్టు కిటకిటలాడింది. మునసబు గారు అఫిడవిట్టు ఈసారి నిదానంగా చదివారు. కళ్ళద్దాలు ముక్కు చివరకు జారాయి.

"ఈ ఎద్దు మూడు తరాలుగా మీ ఇంట్లో ఉందా?" అని తమిళంలో చిన్నాయనను అడిగారు.

చిన్నాయన బిత్తరపోయాడు. "నాలుగు పండ్లేసింది సామీ. మూడేండ్లుంటుంది."

"మూడు తరాలు, నాలుగు పండ్లు. రోజూ ఉదయం సాయంత్రం దీపం పెట్టి నైవేద్యం పెడతారని రాసి ఉంది."

"దీపం పండగకు పెడతాము సామీ. నైవేద్యమంటే... తవుడు పెడతాము."

కోర్టు హాలంతా నవ్వింది. మా వకీలు మూడు వేళ్ళూ మడిచి జేబులో పెట్టుకున్నాడు. మునసబు గారు నవ్వు ఆపుకుని మామ వైపు తిరిగారు. "నువ్వు వాదిని అడిగే తోలుకుపోయావా?"

"అడిగినాను సామీ. ఆకు పెట్టినాను."

"అది రుజువైతే ఈ ఆర్డరు ఇప్పుడే కొట్టేస్తాను. ఆకు ఎవరు తీసుకున్నారు? సాక్షి ఉన్నాడా?"

నేను వకీలు కుర్చీ వెనకాల కట్టలు పట్టుకుని నిలబడ్డాను. మామ నా మీదుగా చూపు పోనిచ్చి, కిటికీ బయట వాన వైపు చూశాడు. "లేడు సామీ" అన్నాడు.

కాబట్టి ఆర్డరు సవరించారు గాని కొట్టెయ్యలేదు. జమీందారు చిన్నాయన కొట్టానికి నడిచి వెళ్ళొచ్చు. దావా తేలేదాకా అమ్మకం, మార్పు లేదు. మామకు జత లేదు, బయట వాన ఉంది. ఆ సాయంత్రం చిన్నమ్మ తన కొట్టంలోని దున్నే జతను విప్పి అన్న చేనుకు తోలించింది. చిన్నాయన గట్టిగా అరిస్తే, "ఆర్డరు జమీందారు మీద ఉంది గదా, వీటి మీద లేదు గదా? కావాలంటే నువ్వూ పోయి నా మీద ఒకటి తెచ్చుకో, ఉన్న చోట నుంచి కదలకుండా కూచుంటా. సంకటి ఎవరు చేస్తారో చూస్తా" అంది. ఆ ఏడు రెండు చేలూ పండాయి. ఆరు నెలల్లో దావా రాజీ అయింది. జమీందారు ఏ పనీ చెయ్యకుండానే ముసలితనం దాకా బతికి, రెండు కొట్టాల్లోనూ తిని, గౌరవంగా కన్నుమూశాడు.

అంతా సుఖాంతమే, ఒక్కటి తప్ప. మామ పేరు. ఆ రోజు నుంచి మా వాళ్ళలో ఆయన "ఆకు పెట్టనోడు". పెళ్ళిళ్ళలో తాంబూలం పంచేటప్పుడు, "ముందు వాడికియ్యండి, వాడెట్లాగూ మనకు పెట్టడు" అని ఎవరో ఒకరు అనేవాళ్ళు. చిన్నాయన కోపం ఎప్పుడో పోయింది. బావా బావా అని ఒకరి చుట్ట ఒకరు కాల్చుకునేవాళ్ళు. అయినా, "మా బావ బంగారం. ఆ ఒక్క ఆకు పెట్టింటే ఇంకా బంగారం" అనడం మానలేదు. మామ నవ్వి ఊరుకునేవాడు. నేనూ నవ్వేవాణ్ణి. ఆ నవ్వులన్నీ లెక్కేసుకుంటే ఇప్పుడు నాకు నిద్ర పట్టదు. గుమాస్తా పని మానేసి, బి. మల్లాపురంలో ధాన్యం వ్యాపారం పెట్టుకుని, పెళ్ళి చేసుకుని, ధైర్యంగా ఆకు నమిలే హక్కు సంపాదించుకున్నాక కూడా చెప్పలేదు. చేట భయం పోయినా, చెప్పకుండా గడిచిపోయిన ఏళ్ళ భయం పట్టుకుంది.

మొన్న ఒక పెళ్ళిలో మామ మనవరాలు, అయిదేళ్ళది, అందరి ముందూ ఆయన ఒళ్ళో ఎక్కి కూర్చుని అడిగింది. "తాతా, నువ్వు నిజంగా ఆకు పెట్టలేదా?" మామ దాని జడ సర్దుతూ, "అంత పెద్ద ఎద్దుకు అంత చిన్న ఆకు ఏం పెడతామని వదిలేసినానమ్మా" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు మాత్రం ఆ రోజు కోర్టు కిటికీ బయట పడిన వాన కనిపించింది.

మరునాడు పొద్దున్నే పళ్ళెంలో ఆకు వక్క పెట్టుకుని, పైన తువ్వాలు కప్పుకుని మామ ఇంటికి వెళ్ళాను. చిన్నాయన అక్కడే ఉన్నాడు. ఇద్దరు ముసలివాళ్ళూ తిన్నె మీద ఎండ కాగుతున్నారు. భుజం మీది తుండు తీసి నడుముకు కట్టుకుని, పళ్ళెం మామ ముందు రెండు చేతులతో పెట్టాను.

"ఏంది అల్లుడూ, ఏ పశువును అమ్ముతావు?"

"పశువు కాదు మామా. ఆ ఆదివారం నువ్వు పెట్టిన ఆకు తిన్నది నేను. చిన్నాయనతో చెప్పలేదు. వకీలుతో చెప్పలేదు. దొంగచాటుగా అని నా చేత్తోనే రాసినాను. నీ పేరు పోయింది నా వల్ల. తప్పు నాది మామా. మన్నించు."

చిన్నాయన నోట్లో చుట్ట ఆరిపోయింది. నన్ను చూశాడు, మామను చూశాడు. "ఏమి బావా, ఇన్నేండ్లు వీడి పేరు ఎందుకు చెప్పలేదు?"

"వాడు చెప్తాడని చూసినాను" అన్నాడు మామ. "కొంచెం ఆలస్యం చేసినాడు." నా వైపు తిరిగి, "అంతేగాక, ఆకు తిన్నోడు తిన్నట్టు ఉండక, సున్నం తక్కువైందని నా డబ్బీలో సున్నం కూడా తిన్నాడు బావా. ఆ మాట ఏ కోర్టులో చెప్పుకునేది?"

చిన్నాయన ఆరిన చుట్ట తీసి పక్కన పెట్టాడు. తర్వాత కాలితో నన్ను ఒక తన్ను తన్నాడు, ఇరవై ఏళ్ళ క్రితం తన్నాల్సింది. ముసలికాలు, దెబ్బ తగలలేదు. "పెండ్లిండ్లకు పోయి వీడే చెప్పాల, అందరికీ" అన్నాడు. చెప్తానన్నాను. ఇదిగో, ముందు మీతో మొదలుపెట్టాను.

మామకు పళ్ళు లేవు. పక్కన ఉన్న చిన్న ఇత్తడి రోలు నా ముందుకు జరిపాడు. "నమిలే కాలం పోయింది నాకు. దంచియ్యి" అన్నాడు. ఈనెలు తీసి, వక్క చిదిపి, సున్నం రాసి మెత్తగా దంచాను. మామ ముద్ద నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకుని, బుగ్గ మార్చి చప్పరించాడు. నేను చేతులు కట్టుకుని ఎదురుచూశాను. ఆకు తీసుకుంటే ఒప్పుకున్నట్టు కదా.

"సున్నం సరిపోయింది" అన్నాడు మామ.